‘ఫలానావాని భార్య’ ఎవరు? — చిట్టమూరు సీమ నుండి యుద్ధములకు: ఐదవ భాగము

పోయినవారి కథ గడచిన నాలుగు భాగములతో ఒక విధముగా ముగిసినది. యుద్ధమునకు పోయి మరలిరాని సిపాయికి ఒక సంఖ్య కలదు, ఒక పటాలము కలదు, మరణించిన తేదీ కలదు. దేహము దొరకకపోయినను ఏదో యొక దూరదేశమున అతనిని స్మరించు శిలాఫలకమైనను కలదు. ఇంటివద్ద మిగిలిన స్త్రీకి ఇవి ఏవియు లేవు. ఆమె పేరేమి, ఏ ఇంటి ఆడపడుచు, ఎన్నడు విధవ యయినది, దేనిని ఆధారము చేసికొని ఎంతకాలము బ్రదికినది అను ప్రశ్నలకు సమాధానము ఏ కాగితములలో దొరకును, ఏ కాగితములలో దొరకదు అను విచారణయే ఈ భాగమునకు విషయము. దొరకు చోటు పింఛను దస్త్రము. దొరకునని అందరును ఆశపడి నిరాశపడు చోటు జనాభా లెక్కలు.

ముందుగా ఊరి చిరునామాను స్థిరపరచుకొనవలెను. చిట్టమూరు నేడు తిరుపతి జిల్లాలోని మండలకేంద్రము. 2022 ఏప్రిల్ 4వ తేదీకి పూర్వము నెల్లూరు జిల్లాలోనిది. 1985లో మండలములు ఏర్పడుటకు ముందు ఈ సీమ గూడూరు తాలూకాకు చెందినది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించుటకు ముందు మద్రాసు పాలనలోనిది. ఒకే స్త్రీ జీవితకాలములో ఆమె ఊరు కదలకయే ఆమె దస్త్రము ఇన్ని చేతులు మారినది. ఇది చాలదన్నట్లు, పాత మద్రాసు రాజధానిలో ఈ పేరును పోలిన ఊళ్లు మరికొన్ని కలవు: దిండివనము దాపున జైనమఠమునకు ప్రసిద్ధి కెక్కిన మేల్‌సిత్తామూరు ఒకటి, చెంగల్పట్టు సీమలోని సిత్తామూరు మరియొకటి. ఇంగ్లీషు అక్షరములలో ఈ మూడును ఇంచుమించు ఒకే విధముగా వ్రాయబడుచుండెను. కావుననే పటాలపు గుమాస్తాలు ఊరి పేరుతో తృప్తిపడక తాలూకా, తపాలా కార్యాలయము, పోలీసు ఠాణా, దగ్గరి రైల్వే స్టేషను కూడ అడిగి వ్రాసికొనిరి. శోధకునకు ‘నాయుడుపేట స్టేషను’ అను రెండు మాటలు ఒక్కొక్కప్పుడు ఊరి పేరుకంటె ఎక్కువ అక్కరకు వచ్చును.

మరణించినవానిని శిలపై నిలుపుట ఈ సీమకు క్రొత్త కాదు. చిట్టమూరు మండలములోనే యున్న మల్లాము సుబ్రహ్మణ్యేశ్వరక్షేత్రముగా యాత్రికులకు తెలిసినది. శాసనపరిశోధకులకు అది పల్లవ కంపవర్మ నాటి తమిళశాసనమునకు ప్రసిద్ధము. ఒక వీరుడు భటారి దేవికి తన దేహమునుండి తొమ్మిది తావుల మాంసఖండములను, తుదకు శిరస్సును అర్పించిన సంగతిని ఆ శాసనము స్మరించుచున్నది. అది యుద్ధమరణము కాదు, మ్రొక్కుబడి. అయినను శిల యెవరి పేరును నిలుపుచున్నదో గమనింపుడు. ప్రాణమిచ్చినవాడు శిలపై నిలుచును. బ్రదికి మిగిలినవారు శిల యెక్కరు. యుద్ధములో గాని పశువులను కాపాడుటలో గాని మడిసినవాని కుటుంబమునకు దక్షిణదేశమందు మాన్యము లిచ్చు ఆచారము కలదు. కన్నడసీమలో దానిని నెత్తరు కొడగె యనిరి, తమిళసీమలో ఉదిరప్పట్టి యనిరి. మన కాలపు కుటుంబ పింఛనుకు అదియే పూర్వరూపము. నెత్తురు చిందించినవాని పేర మాన్యము వెలసినది. ఆ మాన్యపు పంటను వండుకొని పిల్లలను సాకిన స్త్రీ పేరు మాత్రము ఆ ఏర్పాటులో నిలువలేదు. రాజులు పోయి ఈస్టిండియా కుంపిణీ వచ్చినను ఈ ధోరణి మారలేదు.

కుంపిణీ కాలమున మద్రాసు సైన్యములో తెలుగువారు దండిగా నుండిరి. ఉత్తరదేశమున సిపాయిలను తిలంగాలని పిలిచినదే ఇందుకు సాక్ష్యము. మద్రాసు సిపాయి తన సంసారమును వెంటబెట్టుకొని పటాలపు లైనులలో కాపురము చేయువాడు. అతడు సముద్రము దాటి 1824 నాటి బర్మా యుద్ధమునకు పోయినప్పుడు జీతములో కొంత భాగమును ఇంటివారికి చెల్లింపుమని వ్రాసియిచ్చి పోవలసి వచ్చెను. అతడు మరణించినచో, కుమారుడుండినయెడల వానిని పసితనముననే స్వల్పజీతముపై ‘రిక్రూటు బాయి’గా లెక్కలో చేర్చుకొను పద్ధతి యుండెను. తల్లి యన్నము కొడుకు పేర జాబితా కెక్కెనన్నమాట. అదే కాలమున మద్రాసు దొరల భార్యల సంగతి చూడుడు: వారి బాప్తిస్మములు, వివాహములు, ఖననములు 1698 మొదలు చర్చి లెక్కలలో చేరి లండనుకు చేరినవి; క్లైవు 1770లో ఏర్పరచిన నిధి, పిమ్మట వచ్చిన మద్రాసు మిలిటరీ ఫండు వారి వైధవ్యమును పేరు పేరున లెక్కగట్టినవి. ఒకే పటాలములో ఒకే జ్వరమునకు మరణించిన దొర భార్యను నేడు లండనులో కూర్చుండి పట్టుకొనవచ్చును. సిపాయి భార్యను గూడూరులో తిరిగినను పట్టుకొనుట కష్టము.

పందొమ్మిదవ శతాబ్ది తుదిభాగమున రాబర్ట్సు వంటి సేనానులు ఉత్తరాది జాతులే యుద్ధమునకు తగినవని సిద్ధాంతము చేయగా సైన్యములో తెలుగువారి స్థానము క్షీణించెను. 1914 తరువాతను, మరల 1939 తరువాతను అవసరము తరుముకొని రాగా ద్వారములు తెరువబడెను. ఈ రెండు మహాయుద్ధముల మృతులకొరకు వెదకువారు మొదట తట్టవలసిన తలుపు కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘము వారి పట్టిక. సింగపూరు స్మారకమున 24,000కు పైగా, రంగూను దాపున తౌక్యాన్ స్మారకమున సుమారు 27,000 పేర్లు కలవు. నందంబాక్కములోని మద్రాసు యుద్ధశ్మశానమున మొదటి యుద్ధపు మృతులు వేయిమందికి పైగా స్మరింపబడిరి. రెండవ యుద్ధపు పట్టికలో ఒక్కొక్క పేరు క్రింద ఒక చిన్న పంక్తి యుండును: ‘ఫలానావారి కుమారుడు; ఫలానా ఆమె భర్త, నివాసము గూడూరు, నెల్లూరు జిల్లా.’ ఆ అర్ధవిరామము తరువాతి పేరే మనకు కావలసినది. అన్ని పేర్ల క్రిందను ఆ పంక్తి యుండదు; ఉన్నను ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినబడిన రూపములో నుండును. మొదటి యుద్ధమున స్థితి ఇంకను దీనము. మెసపొటేమియాలో మడిసినవారికొరకు బస్రాలో కట్టిన స్మారకమున 40,000కు మించిన మృతులు స్మరింపబడిరి గాని, భారతీయ అధికారుల పేర్లు చెక్కి సామాన్య సిపాయిలను పటాలమువారీ సంఖ్యలుగా మాత్రమే చూపిరి. ఆ సంఘమే 2021లో వెలువరించిన నివేదికలో, ఆఫ్రికా ఆసియా దేశముల మృతులలో 1,16,000 మందికి తక్కువ కానివారు పేరుతో స్మరింపబడలేదని అంగీకరించినది. మగనికే శిలపై పేరు లేనిచోట ‘అతని భార్య’ యను పంక్తి ఎక్కడినుండి వచ్చును?

రెండవ తలుపు పటాలపు రికార్డు కార్యాలయము. సిపాయి చేరిననాడు అతని తండ్రి పేరు, కులము, ఊరు, ఎత్తు, దేహచిహ్నములు వ్రాసికొందురు. దగ్గరి బంధువుల జాబితా వేరుగా ఉండును, దానిని ఊరి అధికారులచే రూఢి చేయింతురు. చేరునప్పటికి అవివాహితుడైనవాడు సెలవులో వచ్చి పెండ్లియాడి మరల పోయి ఆ సంగతిని నమోదు చేయించుకొనకయే మరణించినచో, కాగితముపై అతనికి తల్లియే వారసురాలు, భార్య లేనేలేదు. పింఛను లేకుండ కొలువు విడిచినవారి సేవాపత్రములు 25 సంవత్సరముల పిమ్మట నియమము ప్రకారము నశింపజేయబడును; ‘లాంగ్ రోల్’ అను పెద్ద చిట్టా మాత్రమే శాశ్వతముగా నిలుచును, అందులో సిపాయికి ఒక వరుస తప్ప లేదు. పింఛను కుదిరినవారి పత్రములు ఇంతకంటె ఎక్కువకాలము మన్నినవి. కాని పటాలములే చిరంజీవులు కావు. మద్రాసు పయొనీర్లు 1933లో రద్దయిరి. అంతకు ముందే 1920ల దశాబ్దములో మద్రాసు పదాతిదళము లేకుండ పోయి, రెండవ యుద్ధములో మరల పుట్టినది. మగని పటాలము పేరే ప్రపంచమున లేనప్పుడు ఆ పటాలపు పింఛను మాత్రము నెలనెల ఖజానాలో చెల్లుచుండెను.

ఇచ్చట ఒక చిక్కును వివరింపక తప్పదు. ఊరిలో స్త్రీ విధవ యగు దినము వేరు, కాగితముపై విధవ యగు దినము వేరు. ఊరి మునసబు జనన మరణముల చిట్టాలో ఊరిలో జరిగిన చావులే వ్రాయబడును. టైగ్రిసు తీరమునగాని చింద్విను తీరమునగాని మరణించినవాని పేరు ఆ చిట్టాకు ఎక్కదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పతనమైనప్పుడు వేలకొలది భారతీయ సైనికులు జపానువారికి బందీలైరి. వారి భార్యలు మూడు సంవత్సరములకు పైగా బొట్టు పెట్టుకొనవలెనో తుడుచుకొనవలెనో తెలియక గడిపిరి. తప్పిపోయినవాడు మృతుడని సైన్యము నిర్ణయించుట ఒక పద్ధతి. ఏడు సంవత్సరములు జాడ తెలియనివానిని మృతునిగా భావింపవచ్చునని సాక్ష్యచట్టము చెప్పుట మరియొక పద్ధతి. అందుచేత ఒకే స్త్రీ వైధవ్యమునకు మూడు తేదీలు దొరకవచ్చును: అతడు చనిపోయినది, ప్రభుత్వము చనిపోయెనని తలచినది, ఊరు నమ్మినది. ఈ మూడింటిలో ఏది నిజమని అడుగుట కంటె ఏ తేదీనుండి ఆమెకు పైకము వచ్చినదని అడుగుట శోధకునకు లాభకరము. ఆ తేదీయే కాగితములను కదలించినది.

ఇక పింఛను దస్త్రము. ఇది ప్రేమతో వ్రాయబడినది కాదు, శంకతో వ్రాయబడినది. దాని విలువ అంతయు ఆ శంకలోనే యున్నది. పింఛనుదారు చనిపోయిన తరువాత బంధువులు మరియొకరిని నిలువబెట్టి పైకము తీసికొందురను భయము ప్రభుత్వమునకు మొదటినుండియు కలదు. బంగాళమున హుగ్లీ జిల్లా అధికారియైన విలియం హెర్షెల్ 1877లో వ్రేలిముద్రలను అమలుపరచిన మూడు తావులలో ఒకటి పింఛనుల చెల్లింపు. తక్కిన రెండు దస్తావేజుల రిజిస్ట్రేషను, కారాగారము. నేడు ప్రపంచమంతట దొంగలను పట్టుటకు వాడు విద్య మొదట ముసలి పింఛనుదారుల చేతివ్రేళ్లపై అభ్యసింపబడినదన్నమాట.

ఆ శంక వలన ఏమేమి మిగిలెనో చూతము. పింఛను చెల్లింపు ఆజ్ఞాపత్రము రెండు ప్రతులుగా నుండును: ఒకటి ఖజానాలో, ఒకటి పింఛనుదారు చేతిలో. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి సరిచూచిన పిమ్మటగాని పైకము చేతికి రాదు. ప్రతి చెల్లింపును పత్రములో నమోదు చేయుదురు. అందులో ఆమె పేరు, మగని పేరు, అతని సంఖ్య, పటాలము, ఊరు, వయస్సు, ఎత్తు వ్రాయబడును. అటుపిమ్మట ఆనవాళ్లు: కుడిచెంపపై పుట్టుమచ్చ, ఎడమ మోచేతిపై కాలిన మచ్చ, నుదుట పచ్చబొట్టు, ఈ తీరున. క్రింద బొటనవ్రేలి ముద్ర. తన యింటివారు సైతము ఆమె మోచేతి మచ్చను గురించి వ్రాసి పెట్టియుండరు. ఏ గుమాస్తాయో గవాక్షము వెనుకనుండి తేరిపార చూచి వ్రాసెను. ఏటేట జీవించియున్నట్లు ధ్రువపత్రము, మరల పెండ్లియాడలేదను ధ్రువపత్రము కావలెను. వానిపై మునసబో కరణమో సాక్షి సంతకము చేయవలెను. మారుమనువాడిన స్త్రీకి పింఛను ఆగిపోవుట సాధారణ నియమము. మగని సోదరుని పెండ్లియాడి తక్కిన వారసులను పోషించుచున్నచో ఆగదను మినహాయింపు తరువాతి సైనిక పింఛను నియమములలో కనబడును. ఒక స్త్రీ పింఛను పత్రములో చెల్లింపు హఠాత్తుగా ఆగినచో, ఆమె మరణించినదని వెంటనే తలపరాదు. బ్రదికి మారుమనువు చేసికొని యుండవచ్చును.

ఖజానా గవాక్షమువద్ద జరుగునది మరియొకటి కలదు. మగని పేరు నోట పలుకరాదను ఆచారము మన తెలుగుపల్లెలలో నిన్న మొన్నటిదాక దృఢముగా నుండెను. గుమాస్తా ‘నీ మొగుడి పేరేమమ్మా’ అని గద్దించి అడిగినప్పుడు ఆమె తలవంచుకొనగా వెంటవచ్చిన మరిదియో ఊరి తలారియో ఆ పేరు చెప్పవలసి వచ్చెడిది. అందుచేత ఆ పత్రములోని వివరములన్నియు ఆమె నోట వచ్చినవని భ్రమపడరాదు; వయస్సు వంటివి పక్కవాని యంచనాలు కావచ్చును. ఘోషా స్త్రీలకును, బహిరంగముగా తిరుగు అలవాటు లేనివారికిని స్వయముగా హాజరగుటనుండి ఖజానా నియమములు మినహాయింపు నిచ్చినవి. వారిని గుమాస్తా కన్నెత్తి చూడలేదు గనుక వారి రూపురేఖలు దస్త్రమున పలుచగా నుండును. కూలికి పోవు స్త్రీ గవాక్షము ముందు నిలువబడినది గనుక ఆమె మచ్చలు, మరకలు, పచ్చబొట్లు మనకు దక్కినవి. చరిత్రలో తరచు ఘనుల ఇండ్లే దక్కి పేదల ఇండ్లు కూలిపోవును. ఇక్కడ మాత్రము తారుమారైనది.

ఇంత సమాచారము పింఛనులో నుండగా జనాభా లెక్కలను ఏల ఆశ్రయింపవలెనని పాఠకుడు అడుగవచ్చును. పాశ్చాత్యదేశముల వంశచరిత్రకారులు మొదట తెరచునవి ఆ లెక్కలే గనుక మన యువశోధకులును వానినే అడుగుచున్నారు. దేశమంతట ఒకేసారి జరిగిన మొదటి జనగణన 1881 ఫిబ్రవరి 17 నాటిది. అటుపిమ్మట 1931 వరకు ప్రతి గణనలోను ఒక నిర్ణీత రాత్రి ఉండెను. ముందుగానే ఇంటింటి వివరములు నల్లసిరాతో వ్రాసికొని, ఆ రాత్రి దీపములు పట్టుకొని మరల ఇల్లిల్లు తిరిగి చచ్చినవారిని కొట్టివేసి పుట్టినవారిని ఎర్రసిరాతో చేర్చెడివారు. ఆ పత్రములలో పేరు కలదు, వయస్సు కలదు, అవివాహితయో సధవయో విధవయో కలదు. కాని పట్టికలు తయారైన తరువాత ఆ కాగితములను భద్రపరచలేదు. మనకు మిగిలినది మొత్తములు: ఫలానా జిల్లాలో ఫలానా మతమున ఫలానా వయస్సులో ఇంతమంది వితంతువులు. 1931 నాటికి దేశమున రెండున్నర కోట్లకు పైగా వితంతువులు లెక్కకు వచ్చిరి. వారిలో మన చిట్టమూరు స్త్రీ నిశ్చయముగా ఒక అంకె. ఏ అంకెయో దేవునికెరుక.

మొత్తములే అయినను వానిని చదువు నేర్పు కలదు. 1921 మార్చి 18 నాటి గణనలో వితంతువుల సంఖ్యను చూచి యుద్ధపు దెబ్బ ఇంతయని లెక్కగట్టిన యెడల తప్పుదారి పట్టుదుము. నడుమ 1918–19 నాటి ఇన్‌ఫ్లుయెంజా వచ్చినది. యుద్ధమున మరణించిన భారతీయులు సుమారు 74,000. ఆ జ్వరమునకు కోటికి మించి మరణించిరి. ఆ దశాబ్దములో దేశజనాభా నూటికి ఒకటింబావు చొప్పున మాత్రమే పెరిగినది. ఒక పల్లెలో క్రొత్తగా విధవలైనవారు పదిమంది యుండిరన్నచో వారిలో తొమ్మిదిమంది మగలు ఊరిలోనే మంచమునబడి చనిపోయినవారని తలచుట న్యాయము. వృత్తుల పట్టికలలో ‘తమ ఆదాయముపై జీవించువారు’ అను వర్గమున పింఛనుదారులను చేర్చిరి; యుద్ధవితంతువు ఆ గూటిలో ఇల్లద్దెలపై బ్రదుకు ధనికులతో, విద్యార్థివేతనములు పొందువారితో కలసి కూర్చుండవలసి వచ్చెను. వయస్సులందును మోసము కలదు: ఇరువదియైదు, ముప్పది, నలుబది అని గుండుసంఖ్యలలో చెప్పుట మన అలవాటు గనుక ఆ సంఖ్యలవద్ద జనము కుప్పపడి కనబడుదురు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1948 జనగణన చట్టములోని 15వ పరిచ్ఛేదము ఈ తలుపునకు తాళము వేసినది: గణకుడు వ్రాసిన పత్రములను ఎవరును పరిశీలింపరాదు, న్యాయస్థానమున సాక్ష్యముగా స్వీకరింపరాదు. 1951లో మాత్రము ఒక వింత జరిగినది. ఆ యేటి గణన చీటీలనుండి ప్రతి గ్రామమునకు ఒక పౌర రిజిస్టరును నకలు వ్రాయించిరి; అస్సాములో అది తరువాత గొప్ప వివాదములకు మూలమైనది, తక్కిన రాష్ట్రములలో మరుగునబడినది. మన గ్రామముల ప్రతి ఏ గదిలోనైనను నేటికిని చెదలుపట్టక యున్నచో, రెండవ యుద్ధపు వితంతువుల పేర్లు ఇంటివారీగా అందులో నుండవలెను.

ఇతరదేశముల తీరు దీనికి కేవలము భిన్నము. అమెరికాలో జనగణన పత్రములు 72 సంవత్సరముల పిమ్మట ప్రజలకు తెరువబడును. ఇంగ్లండులో నూరు సంవత్సరముల పిమ్మట. అమెరికా వారు 1890లో అంతర్యుద్ధపు యోధులకును వారి వితంతువులకును వేరుగా ఒక పట్టికయే వ్రాసిరి. ఆ యేటి సామాన్య గణనపత్రములు 1921 జనవరిలో వాషింగ్టనులో జరిగిన అగ్నిప్రమాదమున చాలవరకు పోగా, వితంతువుల పట్టికలో సగమునకు పైగా రాష్ట్రములవి మిగిలినవి. అచ్చటి వితంతువు తన వివాహమును రుజువు చేయుటకు బైబిలులో వ్రాసియుంచుకొన్న కుటుంబపుటను చించి పింఛను కచేరికి పంపినది. పొరుగువారు ప్రమాణపత్రము లిచ్చిరి. ఆ యుద్ధపు పింఛను పొందిన కడపటి వ్యక్తి, ఒక సైనికుని కుమార్తె ఐరీన్ ట్రిప్లెట్, 2020 మే 31న మరణించువరకు నెలకు 73 డాలర్ల 13 సెంట్లు పొందుచుండెను. 1865లో ముగిసిన యుద్ధపు లెక్క 155 సంవత్సరములకు మూతపడెను. ఇంగ్లండులోను కాగితములు తమంతట తాము నిలువలేదు: మొదటి ప్రపంచయుద్ధపు పింఛను కార్డులు, చిట్టాలు అరువది లక్షలకు పైబడినవానిని రక్షణశాఖ వదలించుకొనబోగా 2012లో వెస్టర్న్ ఫ్రంట్ అసోసియేషన్ అను చరిత్రాభిమానుల సంఘము పూనుకొని దక్కించుకొన్నది. పంజాబు సిపాయిల విషయమునను అట్లే: లాహోరు ప్రదర్శనశాలలో శతాబ్దకాలము పడియున్న మూడు లక్షలకు పైగా సైనికుల వివరములు 2021లో వెలుగు చూచినవి. తెలుగు జిల్లాల విషయమున అట్టి పూనిక ఇంకను జరుగలేదు.

జనగణన మూసిన తలుపును కొంత తెరచునది ఓటర్ల జాబితా. 1951–52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలకై జాబితాలు తయారగునప్పుడు ఉత్తరాది రాష్ట్రములలో అనేక స్త్రీలు తమ పేరు చెప్పక ‘ఫలానావాని భార్య’, ‘ఫలానావాని తల్లి’ అని మాత్రమే వ్రాయించుకొనిరి. ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేన్ అట్టి నమోదులను అంగీకరింపక సుమారు 28 లక్షల స్త్రీల పేర్లను తొలగింపజేసెను. ఇది కఠినముగా తోచవచ్చును. కాని ఆ పట్టుదల వలననే తరువాతి జాబితాలలో స్త్రీ తన పేరుతో నిలిచినది. యుద్ధము ముగిసి ఆరేండ్లయిన పిమ్మట చిట్టమూరు సీమలో రెండవ యుద్ధపు వితంతువు ఒక ప్రభుత్వపత్రములో పింఛనుతో సంబంధము లేకుండ, స్వంత హక్కుతో కనబడు మొదటి తావు అదియే కావచ్చును.

ఈ పత్రములన్నిటిని కలిపి చదువునప్పుడు మొట్టమొదట ఎదురగునది పేర్ల సామ్యము. నెల్లూరు సీమలో పేర్లు దేవతలను అనుసరించి పుట్టును: సూళ్లూరుపేట చెంగాళమ్మ పేర చెంగమ్మలు, పెంచలకోన స్వామి పేర పెంచలమ్మలు, కసుమూరు దర్గా పేర హిందువులలోను ముసల్మానులలోను మస్తానమ్మలు, మల్లాము స్వామి పేర సుబ్బమ్మలు. ఒక్క ఊరిలో చెంగయ్య భార్య చెంగమ్మలు ముగ్గురుండుట విశేషము కాదు. కావున పేరుతో మొదలుపెట్టక మగని పటాలసంఖ్యతో మొదలుపెట్టవలెను. ఆ సంఖ్య దొరకు చోటు తరచు ఇంటిలోనే యుండును. మొదటి యుద్ధపు వెండిపతకము అంచుపై సంఖ్య, హోదా, పేరు, దళము చిన్న ఇంగ్లీషు అక్షరములలో ముద్రింపబడియుండును. కూలిదళముల వారికి అదే పతకమును కంచుతో చేసి యిచ్చిరి. రెండవ యుద్ధమున బ్రిటిషు సైనికులకు పేరులేని పతకము లిచ్చినను భారతీయులకు ఇచ్చినవానిపై పేర్లు ముద్రించిరి. నూనెగుడ్డతో ఆ అంచును తుడిచి అద్దముతో చదివిన యెడల, పుటలకు పుటలు వెదకినను దొరకని అంకె బయటపడును. సంఖ్యనుండి లాంగ్ రోల్‌కు, దానినుండి పింఛను పత్రమునకు, అచ్చటినుండి ఆనవాళ్లకు, సాక్షి సంతకము చేసిన మునసబు పేరునుండి ఊరికి, ఊరినుండి ఓటర్ల జాబితాకు, మాజీ సైనిక కుటుంబమునకు ప్రభుత్వము భూమిని డి.కె.టి. పట్టాగా నిచ్చియున్నచో ఆ భూమి లెక్కకు పోవలెను. రెండు స్వతంత్ర పత్రములలో మగని పేరు, ఊరు, ఇంచుమించు వయస్సు కలిసినగాని ఆమెయే ఈమె యని చెప్పరాదు.

ఇంత చేసినను దొరకనివారు కలరు. పటాలములతో పోయిన వంటవారు, నీరు మోసినవారు, కంచరగాడిదలను తోలినవారు, రోడ్లు వేసిన కూలిదళములవారు, పడవలు నడపిన తీరవాసులు యుద్ధమున మడిసిరి. వీరిలో అనేకుల భార్యలకు సిపాయి భార్యకు దక్కినంత హక్కు దక్కలేదు. శంకించుటకు పింఛను లేదు గనుక వారిని ప్రభుత్వము శంకింపలేదు, శంకింపలేదు గనుక చూడలేదు, చూడలేదు గనుక వ్రాయలేదు. నేటికిని పింఛను లేని రెండవ ప్రపంచయుద్ధ సైనికులకును వారి వితంతువులకును రాష్ట్ర ప్రభుత్వము జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయముల ద్వారా నెలసరి సహాయము నిచ్చుచున్నది. ఆ దరఖాస్తులు ఇంకొక ఏబది సంవత్సరములకు ఈ వ్యాసము వంటి వ్యాసములకు ఆధారము కాగలవు, నియమకాలము తీరినదని తగులబెట్టకున్నచో.

పింఛను, జనగణన అను రెండు కచేరీలను పోల్చిచూచిన తరువాత నిలుచునది ఈ నిర్ణయము. జనగణన స్త్రీని నమ్మినది. ఆమె చెప్పినది వ్రాసికొని, కూడిక వేసి, కాగితమును పారవేసినది. పింఛను కచేరి ఆమెను నమ్మలేదు. ఏటేట పిలిపించి ముఖము చూచి, ముద్ర వేయించి, ఆ కాగితమును బీరువాలో పెట్టినది. నమ్మకము అంకెగా మారెను, అపనమ్మకము మనిషిగా మిగిలెను. అంతమాత్రమున ఆ గవాక్షము ముందు ఎండలో నిలువబెట్టిన అవమానము న్యాయమగునా? కాదు. నలువదేండ్లు ఏటేట తాను మరల పెండ్లియాడలేదని పరుల సాక్ష్యముతో రుజువు చేసికొనవలసిన స్త్రీకి చరిత్రకారుని సౌకర్యము ఓదార్పు కాజాలదు. మనము చేయదగిన పని ఒకటి కలదు: ఆమెను ‘ఫలానావాని భార్య’గా వెదకి పట్టుకొనుట తప్పదు గాని, పట్టుకొనిన పిమ్మట అట్లే వ్రాసి విడువరాదు. పింఛను పత్రములో మొదటి వరుస మగనిది, తరువాతి చెల్లింపులన్నియు ఆమెవి. అతడు సైన్యములో గడపినది మూడు నాలుగేండ్లు; ఆమె ఆ సంఖ్యను మోసినది ఆజీవనము. గ్రామచరిత్ర వ్రాయువారు ఇకమీదట యుద్ధమృతుల జాబితాకు ఎదురుగా రెండవ జాబితాను వ్రాసి, అందులో ఆమె పేరు, పుట్టినిల్లు, పింఛను పొందిన సంవత్సరములు చేర్చవలెను. చిట్టమూరు సీమలోని ఏ ఇంటనైనను పాత పింఛను పత్రము, పతకము, మనియార్డరు రసీదు ఉన్నచో దానిని పారవేయుటకు ముందు అందలి సంఖ్యను వ్రాసియుంచుట ఆ జాబితాకు మొదటి మెట్టు.

(వచ్చే సంచికలో: యుద్ధమునుండి తిరిగివచ్చినవారు, వారికి దక్కిన బీడుభూములు)